పాత సీజే 3బీ జీపు: ఎన్నిసార్లు ఎయిరు తీసినా బ్రేకు పెడలు గట్టిపడటం లేదు

అడిగినవారు: నర్సీపట్నం జీపు

అందరికీ నమస్కారం. చాలాకాలం షెడ్డులోనే నిలిచిపోయిన మహీంద్రా సీజే 3బీ పెట్రోలు జీపును మళ్లీ రోడ్డెక్కించే పనిలో ఉన్నాను. ఇంజనూ గేరుబాక్సూ దారికి వచ్చాయి గానీ బ్రేకులు మాత్రం లొంగడం లేదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, అంటే చక్రంతో తిరిగే డ్రమ్మును లోపలి నుంచి షూలు నొక్కి ఆపే రకం. పెడలు తొక్కితే ఆయిలును నెట్టే మాస్టర్ సిలిండరు కొత్తది వేయించాను, చక్రాల దగ్గర షూలను నెట్టే వీల్ సిలిండర్లన్నిటికీ రబ్బరు కిట్లు మార్పించాను, హోసులు కూడా కొత్తవే. డ్రమ్ములకు లోపల గాడులు పడి ఉండటంతో లేతు మీద కోయించి, షూలకు కొత్త లైనింగులు (రాపిడి పట్టీలు) రివెట్లతో కొట్టించాను.

ఇప్పుడు పరిస్థితి ఇది. మొదటిసారి తొక్కినప్పుడు పెడలు దాదాపు ఫ్లోరు దాకా దిగిపోతోంది. వెంటవెంటనే రెండుమూడుసార్లు కొడితే పైకి వస్తోంది గానీ, అప్పుడు కూడా కాలి కింద స్ప్రింగు పెట్టినట్టు ఊగుతోంది తప్ప గట్టిగా నిలబడటం లేదు. బ్రేకు లైన్లలో చిక్కిన గాలిని బయటికి పంపే, అంటే ఎయిరు తీసే నిపుల్ దగ్గర బుడగలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. దీనికి తోడు కొంతదూరం నడిపేసరికి బ్రేకులు వాటంతటవే పట్టేసి, నాలుగు డ్రమ్ములూ చెయ్యి ఆనించలేనంత వేడెక్కుతున్నాయి. బండి ఆపి చల్లారనిస్తే మళ్లీ వదులుతున్నాయి.

ఎయిరు తీయడం ఏ చక్రంతో మొదలుపెట్టాలన్నది మరో అనుమానం. పాత అమెరికన్ మాన్యువల్‌లో కుడి వెనక చక్రం ముందని ఉంది, ఇక్కడి మెకానిక్కు ఎడమ వెనకది ముందంటున్నాడు. ఒక వర్క్‌షాపు వారైతే ఇదంతా తీసిపారేసి ముందు చక్రాలకు డిస్కులూ, తొక్కుడుకు బలం చేర్చే బూస్టరూ వేయించుకోమని సలహా ఇచ్చారు. బండిని చూడగానే పాత జీపని తెలియాలన్నది నా కోరిక. అయితే లంబసింగి ఘాట్ దిగాల్సిన బండి కనుక బ్రేకుల విషయంలో రాజీ పడలేను. తెలిసినవారు దారి చూపగలరు.

జవాబు: పాత ఇనుము, రాజమండ్రి

మీరు రాసినవి మూడు వేర్వేరు లోపాలు. మూడింటికీ కలిపి ఎయిరే మందని అనుకున్నంతకాలం ఆయిలు డబ్బాలు ఖాళీ అవుతాయి గానీ పెడలు బాగుపడదు. ఒక్కొక్కదాన్నీ విడదీసి చూడండి.

మొదటి తొక్కుకు కిందికి దిగి, గబగబా కొడితే పైకి వచ్చే పెడలు సాధారణంగా చెప్పేది షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు ఎక్కువగా ఉందని. మాస్టర్ సిలిండరు ఒక్క తొక్కులో పంపగలిగే ఆయిలు కొద్దిపాటిదే. సందు ఎక్కువైతే అదంతా షూలను డ్రమ్ము దాకా నెట్టడానికే ఖర్చయిపోతుంది, నొక్కిపట్టడానికి ఏమీ మిగలదు. షూలు పూర్తిగా వెనక్కి రాకముందే రెండోసారి తొక్కితే రిజర్వాయరులోంచి మరికొంత ఆయిలు లైన్లలోకి చేరుతుంది కనుక పెడలు ఎత్తు పెరుగుతుంది. లైన్లలో గాలి ఉన్నా కొట్టినకొద్దీ ఎత్తు కొంత పెరుగుతుంది గానీ మెత్తదనం పోదు. పైకి వచ్చిన పెడలును అలాగే తొక్కిపట్టినప్పుడు అది మెల్లమెల్లగా జారిపోతుంటే మాత్రం ఎక్కడో ఆయిలు కారుతోందనీ, లేదా మాస్టర్ సిలిండరులో కప్పు (లోపలి రబ్బరు సీలు) పట్టడం లేదనీ అర్థం. మీరు జారుడు గురించి రాయలేదు కనుక దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

కాబట్టి ముందు షూల సర్దుబాటు, ఆ తర్వాతే ఎయిరు. షూలు డ్రమ్ముకు దగ్గరగా ఉన్నప్పుడు వీల్ సిలిండరు పిస్టన్లు తక్కువ దూరం కదులుతాయి, పంపిన ఆయిలు నేరుగా పనికి వస్తుంది. ఈ జీపుల్లో ఒక్కో బ్యాకింగ్ ప్లేటు (షూలను మోసే పలక) వెనక రెండు రకాల సర్దుబాటు ఉంటుంది. కింది భాగంలో షూల మడమలను పట్టుకునే యాంకరు పిన్నులు, వాటికంటే పైన షూల నడుములను నెట్టే ఎక్సెంట్రిక్ క్యాములు (కేంద్రం పక్కకు జరిగి ఉన్న బిళ్లలు). మామూలు అరుగుదలకు క్యాములు తిప్పితే చాలు, పిన్నుల జోలికి వెళ్లక్కర్లేదు. కొత్త లైనింగు వేసినప్పుడు మాత్రం పిన్నుల దగ్గర మొదలుపెట్టాలి. పిన్నుల చివర చుక్క గుర్తులు కనిపిస్తే, రెండు చుక్కలూ ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా పెట్టి పని ప్రారంభించండి. లాక్ నట్టు వదులు చేసి, మడమ దగ్గర 5 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), పైకొన దగ్గర 8 థౌ, అంటే సుమారు 0.13 మి.మీ., 0.20 మి.మీ. సందు వచ్చేలా పిన్నునూ క్యామునూ మార్చిమార్చి తిప్పాలి. డ్రమ్ముకు సందు కొలిచే ఫీలర్ గేజి దూర్చే చీలిక ఉంటే కొలిచి చూసుకోవచ్చు. లేని డ్రమ్ములకు చేతి అంచనాయే ఆధారం: క్యామును తిప్పుతూ చక్రం ఆగిపోయేదాకా వెళ్లి, చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా వెనక్కి తిప్పాలి, ఆపైన నట్టు బిగించాలి. నట్టు బిగిస్తున్నప్పుడు క్యాము కూడా తిరిగిపోతుంది కనుక రెండింటినీ రెండు పానాలతో పట్టుకోండి. ఒక షూ పూర్తయ్యాకే రెండోది మొదలుపెట్టండి, లేకపోతే ఏది రాసుకుంటోందో తెలియదు.

ఇక వేడెక్కి పట్టేయడం. నాలుగు చక్రాలూ ఒకేసారి పడుతున్నాయంటే చక్రాల దగ్గర వెతకడం వృథా, మూలం మాస్టర్ సిలిండరులో ఉంటుంది. పెడలు పూర్తిగా వదిలినప్పుడు ప్రధాన కప్పు ఒక సన్నని రంధ్రాన్ని దాటి వెనక్కి రావాలి. వేడికి వ్యాకోచించిన ఆయిలు ఆ రంధ్రం గుండానే రిజర్వాయరులోకి తిరిగి వస్తుంది. కొత్త సిలిండరు బిగించినప్పుడు పుష్‌రాడ్ (పెడలు నుంచి పిస్టనును నెట్టే కడ్డీ) పొడవు సరిచేయకపోతే పిస్టను కొద్దిగా ముందుకే ఉండిపోయి, కప్పు ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. అప్పుడు వేడెక్కిన ఆయిలుకు పోయే దారి ఉండదు, ఒత్తిడి పెరిగి షూలు ఆనుకుంటాయి, ఆ రాపిడికి వేడి ఇంకా పెరుగుతుంది. పెడలు దగ్గర అర అంగుళం వదులు ఉండేలా పుష్‌రాడ్ సర్దండి. రంధ్రం తెరుచుకుని ఉందో లేదో చూడటానికి ఫ్లోరు మీది మూత తీసి, రిజర్వాయరు బిరడా విప్పి, మరొకరిని పెడలు కొద్దిగా మాత్రమే నొక్కమనండి. మొదటి కదలికలో ఆయిలు చిన్నగా పైకి చిమ్మితే రంధ్రం బాగున్నట్టే. మొహం మరీ దగ్గరగా పెట్టకండి, అది కళ్లకు మంచిది కాదు.

డిస్కుల సంగతి మీ ఇష్టం. నా మటుకు, సరిగ్గా కుదిరిన 9 అంగుళాల డ్రమ్ములు ఈ బండి బరువుకూ వేగానికీ చాలు. కుదరని డ్రమ్ముల మీద బూస్టరు పెడితే మాత్రం ఆ లోపమే మరింత బలంగా పనిచేస్తుంది.

జవాబు: లేతు పనివాడు

పై జవాబు ఇచ్చినవారితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే స్ప్రింగులాంటి మెత్తదనం గురించి వారు వివరంగా రాయలేదు. బుడగలు రావడం ఆగిపోయిందని మీరే అంటున్నారు, డ్రమ్ములు కోయించానని కూడా అంటున్నారు. నా అనుమానం నేరుగా షూల వంపు మీదికి వెళ్తోంది.

డ్రమ్ము కోసినప్పుడు దాని లోపలి వ్యాసం పెరుగుతుంది, కానీ షూ మాత్రం పాత వ్యాసానికి తగ్గ వంపుతోనే ఉంటుంది. అప్పుడు లైనింగు నడుమ భాగంలోనే డ్రమ్మును తాకుతుంది, రెండు చివరలూ ఎడంగా ఉండిపోతాయి. కోసిన డ్రమ్ముకు సరిపోతుందని లావు లైనింగు వేసి, దాని వంపు గ్రైండు చేయకుండా వదిలేస్తే దీనికి విరుద్ధంగా చివరలు తాకి, నడుమ సందు మిగులుతుంది. ఈ రెండో పరిస్థితిలో మీరు పెడలు తొక్కినప్పుడల్లా షూ ఇనుమే వంగుతుంది, వదిలితే మళ్లీ తన ఆకారానికి వస్తుంది. ఆ వంపునే కాలు గాలి అనుకుంటుంది. లైన్లలో ఒక్క బుడగ లేకపోయినా పెడలు ఊగుతుంది.

రివెట్లు కొట్టిన క్రమాన్ని కూడా అనుమానించండి. రివెట్లు నడుమ నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ కొట్టుకుంటూ పోవాలి. చివరలు ముందు బిగిస్తే నడుమ లైనింగుకూ షూకూ మధ్య సందు మిగిలిపోతుంది, తొక్కినప్పుడల్లా ఆ సందు మూసుకుంటుంది. సన్నటి ఫీలర్ గేజి అంచు నుంచి దూర్చి చూడండి, ఎక్కడా దూరకూడదు.

పరీక్ష చాలా తేలిక. లైనింగు మీద అడ్డంగా సుద్దముక్కతో గీతలు గీసి, డ్రమ్ము పెట్టి, క్యామును షూ ఆనేదాకా తిప్పి, చక్రాన్ని చేత్తో ఒకటి రెండు చుట్లు తిప్పి విప్పండి. సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే మీ బ్రేకు పనిచేస్తోంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా చెరిగితే నిశ్చింత. లేకపోతే డ్రమ్మును కూడా వెంట తీసుకుని వెళ్లి, దాని కొలతకు షూలను గ్రైండు చేయించండి. డ్రమ్ము తీసుకెళ్లకుండా షూలు మాత్రమే ఇస్తే ఏ లేతు వాడైనా ఊహించి చేయాల్సిందే. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది కనుక, విప్పిన డ్రమ్ములోని దుమ్మును కంప్రెషరు గాలితో ఊదకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయండి.

వ్యాసంలో మొత్తం 60 థౌ, అంటే సుమారు ఒకటిన్నర మి.మీ. దాటి కోయకపోవడం మేం పాటించే హద్దు. అంతకంటే పలచబడిన డ్రమ్ము ఒత్తిడికి సాగుతుంది, వేడిని నిలుపుకోలేదు. ఘాట్‌లో అది పనికిరాదు. గాడులు పూర్తిగా పోవాలన్న పట్టుదలతో డ్రమ్మును పలచన చేయించడం కన్నా రెండు సన్నటి గీతలు మిగలనివ్వడమే మేలని నా అభిప్రాయం.

మరొక్క సంగతి. ఈ జీపుల్లో ఒక చక్రానికున్న రెండు షూల లైనింగులూ సమానం కాదు. పొడవు లైనింగు ఉన్న షూ బండి ముందు వైపు ఉండాలి, పొట్టిది వెనక వైపు. చక్రం ముందుకు తిరుగుతున్నప్పుడు ముందరి షూ తనంతట తానే డ్రమ్ములోకి లాక్కుపోతుంది కనుక ఎక్కువ పని దానిదే. రెండూ ఒకే పొడవుతో కొట్టినా, తారుమారుగా బిగించినా పైకి ఏ తేడా కనబడదు, బ్రేకు మాత్రం బలహీనంగా ఉంటుంది.

జవాబు: ఘాట్ డ్రైవరు

క్రమం గురించి అడిగారు కాబట్టి దానికి మాత్రం జవాబు రాస్తున్నాను. మీ మెకానిక్కు చెప్పినదే సరైనది. మాస్టర్ సిలిండరుకు అత్యంత దూరంగా ఉన్న చక్రం మొదట, అత్యంత దగ్గరది చివర అన్నదే సూత్రం. అమెరికన్ బండికి స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, పెడలూ మాస్టర్ సిలిండరూ అటే ఉంటాయి కనుక ఆ మాన్యువల్ కుడి వెనక చక్రంతో మొదలుపెడుతుంది. మనవి కుడివైపు కనుక అద్దంలో చూసినట్టు తిప్పి చదువుకోవాలి: ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు.

నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, దాని రెండో చివర సీసాలో ఉన్న ఆయిలులో మునిగి ఉండేలా చూడండి. తొక్కే మనిషి నెమ్మదిగా తొక్కాలి, నిపుల్ మూసేదాకా కాలు తీయకూడదు. ఆ ఒక్క మాట సరిగా అందకపోతే తీసిన గాలి మళ్లీ లోపలికే వెళ్తుంది. ఇందులో రిజర్వాయరు చిన్నది, పైగా ఫ్లోరు కింద కనబడకుండా ఉంటుంది కనుక, కొన్ని తొక్కుల కొకసారి ఆగి ఆయిలు నింపుకోవాలి. అది అడుగంటితే పని మొదటికి వస్తుంది. మాస్టర్ సిలిండరు చక్రాల సిలిండర్ల కంటే పెద్ద ఎత్తులో లేదు కాబట్టి, నిపుల్ విప్పి వదిలేస్తే ఆయిలు దానంతటదే దిగి గాలిని తోసేస్తుందని ఆశ పెట్టుకోకండి.

గాలి దాక్కునే చోట్లు ఇంకా ఉన్నాయి. కొత్త మాస్టర్ సిలిండరును బిగించే ముందే బల్ల మీద ఆయిలు నింపి, పిస్టను నొక్కుతూ గాలి తీసి ఉండాలి. బ్రేకు లైటు స్విచ్చి ఆయిలు ఒత్తిడితో పనిచేసే రకం కనుక, అక్కడ సన్నగా కారుతోందేమో వేలితో తడిమి చూడండి. వీల్ సిలిండరుకు ఉన్న రెండు రంధ్రాల్లో నిపుల్ పై రంధ్రంలో ఉందో లేదో కూడా గమనించండి. కిందిదాంట్లో ఉంటే పైన చిక్కిన గాలి ఎన్ని సీసాలు పోసినా బయటికి రాదు. పాత మాస్టర్ సిలిండరే ఉన్నవారు పెడలును చివరిదాకా తొక్కకుండా కింద చెక్కముక్క పెట్టుకోవాలి, ఎందుకంటే రోజూ కప్పు వెళ్లని చోట పేరుకున్న తుప్పు ఆ రబ్బరును గీసేస్తుంది.

రబ్బర్లను పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో కడగకండి, అవి ఉబ్బిపోతాయి. ఇంజను ఆయిలు చుక్క పడినా అంతే. కొత్త బ్రేకు ఆయిలుతోనే కడగాలి.

మళ్లీ అడిగినవారు: నర్సీపట్నం జీపు

ముగ్గురికీ కృతజ్ఞతలు. పుష్‌రాడ్‌కు అసలు వదులే లేదు. అర అంగుళం ఇచ్చాక డ్రమ్ములు వేడెక్కడం ఆగిపోయింది. సుద్ద పరీక్షలో ముందు చక్రాల షూలు చివరల్లోనే చెరిగాయి, కుడి వెనక చక్రంలో పొట్టి షూ ముందువైపు ఉంది. గ్రైండు చేయించి, షూలను సరైన చోట పెట్టి, క్యాములు సర్ది, ఎడమ వెనక నుంచి ఎయిరు తీశాక ఇప్పుడు పెడలు ఒక్క తొక్కుకే సగం దారిలో గట్టిగా నిలుస్తోంది.

రెండు సందేహాలు మిగిలాయి. గట్టిగా బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగుతోంది. అలాగే, నీటిని పీల్చుకోని డాట్ 5 రకం బ్రేకు ఆయిలు పోస్తే షెడ్డులో నిలిపే బండికి మంచిదని ఎవరో అన్నారు. పోయవచ్చునా?

జవాబు: పాత ఇనుము, రాజమండ్రి

ఎడమకు లాగుతోందంటే ఎడమ చక్రం ఎక్కువ పట్టడం కన్నా కుడి చక్రం తక్కువ పట్టడమే ఎక్కువ సందర్భాల్లో కారణం. టైర్లలో గాలి సమానంగా ఉందని చూశాక, కుడి ముందు డ్రమ్ము విప్పండి. హబ్బు సీలు దాటి గ్రీజు లైనింగు మీదికి వచ్చి ఉంటే సీలు మార్చి, ఆ లైనింగును కూడా మార్చాలి. పెట్రోలుతో కడిగినా లోపలికి ఇంకిన గ్రీజు వేడికి మళ్లీ పైకి తేలుతుంది. మార్చేటప్పుడు రెండువైపులా ఒకే రకం లైనింగు వేయండి. లైనింగు పొడిగా ఉంటే, రెండువైపుల వీల్ సిలిండర్ల బోరు (లోపలి వ్యాసం) ఒకటేనా అని చూడాలి. ముందు చక్రాలకు అంగుళం బోరు, వెనక చక్రాలకు ముప్పావు అంగుళం బోరు ఉంటుంది. పైకి రెండూ ఒకేలా కనబడటం వల్ల వెనకది ముందుకు చేరడం అరుదేమీ కాదు. కొత్త లైనింగులు ఒదగడానికి కొంత తిరుగుడు కావాలి కనుక, కొద్దిపాటి లాగుడైతే కొన్నాళ్లు చూసి, క్యాములు మరొకసారి సర్దాక తేల్చుకోండి.

డాట్ 5 సిలికాను ఆయిలు నీటిని పీల్చుకోదన్నది నిజమే, పెయింటును పాడుచేయదన్నదీ నిజమే. కానీ అది డాట్ 3, డాట్ 4 ఆయిళ్లతో కలవదు. దాన్ని పోయాలంటే లైన్లూ సిలిండర్లూ పూర్తిగా శుభ్రం చేసి, రబ్బర్లన్నీ మళ్లీ కొత్తవి వేయాలి. పైగా లోపలికి చేరిన తేమ ఆయిలులో కరగకుండా కింది చోట్ల చుక్కలుగా నిలిచి అక్కడే తుప్పు పట్టిస్తుంది. మీరు ఇప్పటికే మామూలు ఆయిలు పోసి ఎయిరు తీశారు కనుక డాట్ 3 లేదా డాట్ 4తోనే కొనసాగండి. కొత్త డాట్ 3 ఆయిలు మరిగే కనీస ఉష్ణోగ్రత 205 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టాక ఆ ప్రమాణం 140 డిగ్రీలు మాత్రమే. డాట్ 4కు ఇవి 230, 155. ఘాట్ దిగేటప్పుడు ఆయిలు మరిగి ఆవిరైతే పెడలు ఒక్కసారిగా ఫ్లోరుకు పోతుంది, బండి ఆగి చల్లారాక ఏ లోపమూ కనబడదు. అందుకే రెండేళ్లకొకసారైనా ఆయిలు మొత్తం మార్చండి, దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగండి.

జవాబు: ఘాట్ డ్రైవరు

హ్యాండుబ్రేకు గురించి ఎవరూ రాయలేదు. ఇందులో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిలు లైను; ఎక్కడ ఒక హోసు పగిలినా నాలుగూ పోతాయి, అప్పుడు మిగిలేది హ్యాండుబ్రేకు ఒక్కటే. అది చక్రాల్లో ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు (గేరుబాక్సు శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) వెనక ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఉన్న చిన్న డ్రమ్ములో ఉంటుంది, తీగతో పనిచేస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిలు సీలు కారితే ముందు తడిసేది దాని లైనింగే కనుక, ఘాట్ ఎక్కకముందు దాన్ని కూడా విప్పి చూడండి.

ఈ పనుల కోసం జాకీ ఎత్తేటప్పుడు హ్యాండుబ్రేకు మీద భరోసా పెట్టుకోకండి. ఒక వెనక చక్రం గాలిలోకి లేచిందంటే, షాఫ్టు బిగిసే ఉన్నా డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకూ శక్తిని పంచే గేర్లు) గుండా లేచిన చక్రం ఒకవైపు, నేల మీది చక్రం మరొకవైపు తిరిగి బండి కదిలిపోతుంది. నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా గట్టి దిమ్మెలు పెట్టాకే జాకీ తిప్పండి.